ముందు సీటువాడే కర్త

నర్సీపట్నం కాంప్లెక్సులో సీలేరు బస్సు ఎక్కే అలవాటున్నవాడికి ఇంగ్లీషు వ్యాకరణం కొత్తగా నేర్పక్కర్లేదు. కిటికీలోంచి రుమాలు విసిరి ముందు సీటు ఎవడు పట్టాడో ఆ రోజుకి బస్సు వాడిది. చింతపల్లి దాటి, గూడెం కొత్తవీధి దాటి, దారకొండ మలుపుల్లో వెనక సీట్లవాళ్లు నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుంటే, వాడు మాత్రం డ్రైవరుతో కబుర్లాడుతూ కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. స్టీరింగు వాడి చేతిలో లేదు. టికెట్లు వాడు కొట్టడు. బ్రేకు వాడు వెయ్యడు. అయినా ఎదురొచ్చే జీపువాడికి అద్దంలోంచి మొదట కనిపించేది వాడి మొహమే.

ఇంగ్లీషు వాక్యం అచ్చం ఇలాంటి బస్సు. ట్యాగింగ్ పనిలో నేను గడించిన జ్ఞానమంతా ఈ ఒక్క ముక్కే. మన కొండల మీద పిల్లలు కొందరు లాప్‌టాప్‌లు కొనుక్కుని ఈ పనిలోకి దిగుతున్నారని విని, వాళ్లు నాలాగే పైకి రావాలని ఈ చిట్కాలు రాస్తున్నాను.

పని ఏమిటో తెలియనివాళ్లకి రెండు మాటలు. ఇంగ్లీషు వాక్యాలు గుట్టలుగా వస్తాయి. ఒక్కో క్రియ దగ్గర ఆగి, ఆ పని చేసిందెవరు, అది ఎవరి మీద పడింది, దేనితో చేశారు, ఎవరికి ముట్టింది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అని చూసి తలా ఒక చీటీ అంటించాలి. ఇలా చీటీలంటించిన వాక్యాలు వేలకొద్దీ మేపితే యంత్రం కూడా వాక్యం చూడగానే ఎవరు ఎవరిని ఏం చేశారో చెప్పగలుగుతుందట. దానికి దారి చూపిస్తూ ఒక నియమావళి పంపిస్తారు. ఒక్కో క్రియకి, దాని పాత్రల్లో దేనికి ఏ అంకె వెయ్యాలో చెప్పే ఫ్రేమ్ ఫైలు ఒకటి ఉంటుంది. రెండూ దించుకోండి, తెరవకండి. వాక్యానికి ఇంత అని డబ్బులిచ్చే పనిలో చదువుకుంటూ కూర్చుంటే మనం తినేదేమిటి?

మొదటి చిట్కా, అసలు చిట్కా: వాక్యంలో ముందు ఎవరు కూర్చుంటే వాళ్లకి ఆర్గ్0 అనే చీటీ వేసెయ్యండి. క్రియ తర్వాత కూర్చున్నవాళ్లకి ఆర్గ్1. మిగతావాళ్లు నిలబడి ప్రయాణం చేసేవాళ్లు, వాళ్లకి చేతికందిన అంకె వెయ్యండి.

దీన్ని ఒప్పుకోనివాళ్లు అమెరికాలో ఉన్నారు. మార్తా పామర్, డేనియల్ గిల్డియా, పాల్ కింగ్స్‌బరీ అని ముగ్గురు 2005లో ప్రాప్‌బ్యాంక్ గురించి ఒక వ్యాసం రాశారు. వాల్ స్ట్రీట్ జర్నల్ వార్తలు సుమారు 10 లక్షల మాటలు తీసుకుని క్రియలన్నిటికీ ఇలా చీటీలు అంటించారు. వాళ్ల లెక్కలో ఆర్గ్0 అంటే పని చేసేదానికి దగ్గరగా ఉండేది, ఆర్గ్1 అంటే ఆ పని తన మీద పడేది. సీటుతో సంబంధం లేదంటారు. ఆ పత్రికలో షేర్లు పెరగడం, పడిపోవడం తప్ప వేరే సంగతులు తక్కువ కాబట్టి 'రైజ్', 'ఫాల్' క్రియలతో వాళ్లకి బాగా పని పడింది. ఆ రెండింటికీ ఆర్గ్0 లేనే లేదు పొమ్మన్నారు. పెరిగేది ఏదో అది ఆర్గ్1, ఎంత పెరిగిందో అది ఆర్గ్2, ఎక్కడినుంచి అన్నది ఆర్గ్3, ఎక్కడిదాకా అన్నది ఆర్గ్4.

ఇదేం చోద్యమో చూడండి. 'ద వాటర్ లెవెల్ రోజ్ త్రీ ఫీట్' అని నాకొక వాక్యం వచ్చింది. నీటిమట్టం దర్జాగా ముందు సీట్లో కూర్చుని ఉంది. పెరిగింది అదే. ఎవరైనా వచ్చి పెంచారా? ఆర్గ్0 వేసేశాను. త్రీ ఫీట్ క్రియ తర్వాత ఉంది కాబట్టి దానికి ఆర్గ్1. అంటే నీటిమట్టం మూడడుగుల్ని ఏదో చేసిందని తేలింది. ఏం చేసిందో యంత్రం చూసుకుంటుంది.

మా టీకొట్టు మావకి ఇది చెప్పాను. ఆయన గ్లాసు కడుగుతూ, "మట్టం దానంతట అదే ఎలా పెరుగుద్ది మేష్టారూ? పైన వాన పడుండాలి, లేదా పైనోళ్లు నీళ్లు వదిలుండాలి," అన్నాడు. ఆయన మాటలో కొంత నిజం లేకపోలేదు. మా సీలేరు నది పేరు పైన మాచ్‌ఖండ్. జలాపుట్ జలాశయం, డుడుమ, అక్కడి పవర్‌హౌస్ దాటుకుని బలిమెల జలాశయంలో పడుతుంది. అక్కడ ఒడిశా వాటా, మన వాటా పంచుకున్నాక మన నీళ్లు గుంటవాడ మీదుగా ఎగువ సీలేరు టర్బయిన్లు తిప్పుతాయి. అక్కడ 60 మెగావాట్లవి నాలుగు యంత్రాలు. తర్వాత డొంకరాయి, తర్వాత మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు, ఆపైన శబరి, గోదావరి. ఇన్ని చోట్ల ఇన్ని చేతులు పడితేగాని ఒక్క అడుగు మట్టం పెరగదు, తరగదు. కానీ వాక్యంలో ఆ చేతులేవీ లేవు కదా! సీటు కొనుక్కోనివాడికి టికెట్ ఎందుకు కొట్టాలి? ప్రాప్‌బ్యాంక్ వాళ్లు కూడా వాక్యంలో లేనివాడికి చీటీ వెయ్యమనరు, కాకపోతే ఆర్గ్0 కుర్చీ ఖాళీగా ఉంచమంటారు. ఖాళీ కుర్చీ చూస్తే ఎవరైనా "ఇక్కడ కూర్చోవలసినవాడు ఎవడు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న రాకుండా నింపెయ్యడమే మన సేవ.

రెండో చిట్కా గేట్ల గురించి.

'ది ఆపరేటర్ ఓపెన్డ్ ద గేట్ విత్ ద మోటర్.' 'ద మోటర్ ఓపెన్డ్ ద గేట్.' 'ద గేట్ ఓపెన్డ్.' మూడు వాక్యాలు, మూడుసార్లూ ముందు సీట్లో వేరే వేరే మొహాలు. మొదట మనిషి, తర్వాత సాధనం, చివర గేటు. చార్ల్స్ ఫిల్‌మోర్ 1968లో రాసిన వ్యాసం ఇలాంటి చిక్కు మీదే నడుస్తుంది. సీటు మారినా గేటు పాత్ర మారలేదు, మూడింటిలోనూ తెరుచుకున్నది గేటే అని ఆయన వాదన. అందుకే వాక్యం పైన కనిపించే స్థానాల్ని పక్కన పెట్టి, లోపలి పాత్రలు చూడమన్నాడు. తర్వాత 1997లో బర్క్‌లీలో ఫ్రేమ్‌నెట్ అని ఇలాంటి చీటీలదే ఇంకో పెద్ద పని మొదలుపెట్టాడు.

ఈ గొడవంతా ఇంగ్లీషుకి వచ్చిన అవస్థ. వాళ్లకి తెరవడానికీ తెరుచుకోవడానికీ ఒకటే మాట. పగలడానికీ పగలగొట్టడానికీ 'బ్రేక్'. కాగడానికీ కాచడానికీ 'బాయిల్'. మన దగ్గర మూడేళ్ల పిల్లవాడు కూడా గ్లాసు కింద పడేసి "పగిలిపోయింది" అంటాడు, తమ్ముడి మీద చెప్పాలంటే "పగలగొట్టాడు" అంటాడు. వాడికి ఫిల్‌మోర్ ఎవరో తెలియదు, కానీ దెబ్బ ఎవరికి పడాలో తెలుసు. తెగింది, తెంపాడు. విరిగింది, విరిచాడు. మునిగింది, ముంచాడు. క్రియ మారిపోతుంది కాబట్టి చేసినవాడు ఉన్నాడో లేడో మాట వినగానే తెలిసిపోతుంది.

కాబట్టి ట్యాగింగ్ చేసేటప్పుడు తెలుగులో ఆలోచించకండి. ఆలోచిస్తే గేటు ఆర్గ్1 అని తెలిసిపోయి మనసు పాడవుతుంది. గేటుకి తెరుచుకోవాలనిపించింది, తెరుచుకుంది అనుకోండి. ఆర్గ్0. కింద ఒడ్డున బట్టలుతుక్కునేవాళ్లు "ఎవడు ఎత్తాడు గేటు?" అని అరిస్తే అది వాళ్ల భాషా దోషం.

ఇప్పుడు వాళ్లూ వీళ్లూ ఇంకా కష్టమనుకునే చోటికి వద్దాం. నాకు మాత్రం ఇదే నల్లేరు మీద బండి. కర్మణి వాక్యాలు.

ఇంగ్లీషులో ప్రభుత్వ కాగితం చూడండి. 'ద డ్యామ్ వాజ్ బిల్ట్.' 'ద విలేజెస్ వర్ సబ్‌మర్జ్‌డ్.' 'ద ల్యాండ్ వాజ్ అక్వైర్డ్.' ఆనకట్ట ముందు సీట్లో కూర్చుంది, ఊళ్లు ముందు సీట్లో కూర్చున్నాయి, భూమి ముందు సీట్లో కూర్చుంది. నియమావళి ప్రకారం ఇవన్నీ ఆర్గ్1. నా సూత్రం ప్రకారం ఆర్గ్0. అంటే ఆనకట్ట ఏదో కట్టింది, ఊళ్లు ఏవో ముంచాయి, భూమి ఏదో స్వాధీనం చేసుకుంది. చదివితే కొంచెం అటూ ఇటూగా ఉన్నా, ఎవరి మీదా నేరం మోపినట్టుండదు. ముంపు ఊళ్లని అడిగితే "ముంచారు" అంటాయి. ఆ 'రు' చూశారా? పేరు చెప్పకపోయినా మనుషులున్నారని, ఒకరు కాదు చాలామంది ఉన్నారని ఆ ఒక్క అక్షరం పట్టిస్తుంది. "ఆనకట్ట కట్టారు", "గేట్లెత్తారు", "రోడ్డేశారు". తెలుగులో కర్తని దాచాలని ఎంత ప్రయత్నించినా తోక బయటికి కనిపిస్తూనే ఉంటుంది. అందుకే శిలాఫలకాలు రాసేవాళ్లు 'బడు' అరువు తెచ్చుకుని 'నిర్మింపబడినది', 'ప్రారంభింపబడినది' అని చెక్కిస్తారు. మా కొండల్లో ఎవరి నోటా ఆ 'బడు' నేను వినలేదు.

బలిమెల జలాశయం సంగతే తీసుకోండి. అది నిండాక అటు ఒడిశాలో, మల్కనగిరి జిల్లాలో 150 దాకా ఊళ్లు నీళ్ల అవతల చిక్కుకుపోయాయి. దశాబ్దాల పాటు ఆసుపత్రికి పడవ, బడికి పడవ, రేషనుకి పడవ. 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా అంతే. ఆ ప్రాంతానికి ఇటువాళ్లూ అటువాళ్లూ పెట్టుకున్న పేరు 'కటాఫ్ ఏరియా'. ట్యాగింగ్ చేసేవాడి కంటికి ఇది పేరులా కనపడదు. దాని లోపల ఒక క్రియ ఉంది, 'కట్'. దానికో ఆర్గ్1 ఉంది, ఆ ఊళ్లు. ఆర్గ్0 లేదు. ఎవరు కట్ చేశారు? నీళ్లా? ఆ నీళ్లని ఆపిన గోడా? గోడ గీసిన ఇంజనీరా? కాగితం మీద సంతకం పెట్టినవారా? ఒక పేరులో ఇన్ని ప్రశ్నలు పట్టించుకుంటే రోజుకి పది వాక్యాలు కూడా కావు. తర్వాత దాని పేరు స్వాభిమాన్ అంచల్ అని మార్చారు. నాలాంటి ట్యాగరు ప్రాణానికి అప్పుడు హాయి. కొత్త పేరులో క్రియే లేదు.

(మార్చారు అని 'రు' పెట్టేశాను. అలవాటు అంత తొందరగా పోదు.)

కర్తని దాచే ఈ విద్య ఇక్కడికి కొత్తగా రాలేదు. నూరేళ్ల కిందట కూడా నర్సీపట్నం నుంచి చింతపల్లికి అడవిలోంచి రోడ్డు వేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగ్గా ఇవ్వకుండా కొండవాళ్లచేత పని చేయించాడన్నది 1922 పితూరీకి ఒక కారణం. ఇంగ్లీషులో చెప్తే 'ద రోడ్ వాజ్ లెయిడ్' అని నాలుగు మాటల్లో తేలిపోతుంది. తెలుగులో "వేశారు" అంటే కొండవాళ్లు కనబడతారు, "వేయించాడు" అంటే వాళ్ల వెనక నిలబడ్డ తహసీల్దారు కూడా కనబడతాడు. ఈ ప్రేరణార్థకం చాలా ప్రమాదకరమైన వస్తువు. చేసినవాణ్నీ చేయించినవాణ్నీ ఒకే మాటలో పట్టుకొచ్చి నిలబెడుతుంది. ఇంగ్లీషు వాక్యంలో 'మేడ్' అనో 'హ్యాడ్' అనో కనిపిస్తే దాన్ని పట్టించుకోకుండా దాటెయ్యండి.

ఆ పితూరీ నడిపిన అల్లూరి సీతారామరాజు మాత్రం ట్యాగింగ్ వృత్తికి చాలా అన్యాయం చేశాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. తుపాకులు పట్టుకెళ్లినవాడు చీకట్లో పట్టుకెళ్లి ఊరుకుంటే 'వెపన్స్ వర్ టేకెన్' అని రికార్డులో రాసుకునేవాళ్లు, ఆర్గ్0 కుర్చీ ఖాళీగా ఉండేది. ఈయనేమో తీసుకున్న ఆయుధాల లెక్క స్టేషను పుస్తకంలో తానే రాసి, కింద సంతకం చేసి మరీ వెళ్లాడు. కర్త తనంతట తాను వచ్చి తన చీటీ తానే అంటించుకున్న ఘటన ఇంకోటి నాకు తెలియదు. ఇలాంటివాళ్లు నలుగురుంటే మన ఉద్యోగాలు ఉండవు.

మూడో చిట్కా 'విత్' గురించి. ఇది చిన్నది.

'విత్' కనిపించగానే సాధనం అని వెయ్యండి. మన 'తో' లాంటిదే కదా. తృతీయా విభక్తి కరణం అని బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్నాం, ఊరికే పోనిస్తామా? ఆవిడ గంటెతో తింది, కూరతో తింది, పిల్లలతో తింది, ఆకలితో తింది, విసుగుతో తింది. అన్నీ సాధనాలే. పిల్లల్ని గంటెలాగా పట్టుకుని తిన్నదా అని ఎవరైనా అడిగితే ఆకలి అలాంటిదని చెప్పండి. 'ద గార్డ్ సా ఎ బేర్ విత్ ఎ టార్చ్' అని నాకు వచ్చినప్పుడు మాత్రం కాస్త ఆలోచించాను. 'విత్' పక్కనే 'బేర్' ఉంది. పక్క సీటువాళ్లు కలిసే వచ్చుంటారు కదా? టార్చిలైటు ఎలుగుబంటికి ఇచ్చేశాను. మా కొండల్లో ఎలుగులకి పనసపండు వాసన తెలిసినంత బాగా దారి కూడా తెలుసు, లైటు అక్కర్లేదు. అయినా వాక్యాన్ని గౌరవించాలి.

నాలుగోది సంత.

'బై', 'సెల్' అని రెండు క్రియలున్నాయి. జరిగేది ఒకటే బేరం. మిరియాలు ఒక చేతినుంచి ఇంకో చేతికి, డబ్బు అటునుంచి ఇటు. ఫ్రేమ్‌నెట్ వాళ్లు రెండింటిలోనూ కొనేవాడు, అమ్మేవాడు, సరుకు, సొమ్ము అని నాలుగు పాత్రలకీ అవే పేర్లు ఉంచారు. ప్రాప్‌బ్యాంక్ వాళ్లు అంకెలు వేశారు, అంకెలు క్రియని బట్టి మారతాయి. 'బై'కి కొనేవాడు ఆర్గ్0, అమ్మేవాడు ఆర్గ్2. 'సెల్'కి అమ్మేవాడు ఆర్గ్0, కొనేవాడు ఆర్గ్2. సరుకు రెండింటిలోనూ ఆర్గ్1, ధర ఆర్గ్3. అంటే ఆర్గ్2 ఒక చోట ఇచ్చేవాడు, ఇంకో చోట పుచ్చుకునేవాడు. ఫ్రేమ్ ఫైలు తెరవకుండా ఈ అంకె వెయ్యడం కుదరదని వాళ్ల ఉద్దేశం. మనం ఫైలు తెరవం కాబట్టి ఆర్గ్2 అంటే ఎప్పుడూ పుచ్చుకునేవాడే అని ఒట్టు పెట్టుకోండి. అప్పుడు 'ద మర్చంట్ బాట్ పెప్పర్ ఫ్రమ్ ద ఫార్మర్' అన్నచోట రైతు ఎదురు పుచ్చుకున్నవాడవుతాడు. ఏం పుచ్చుకున్నాడంటారా? కాటాలో వచ్చిన తేడా.

నిజానికి సంత చూసినవాడికి ఈ రెండు క్రియల్లో సీట్లు ఎలా ఉన్నా ఒకటే అనిపిస్తుంది. సిల్వర్ ఓక్ చెట్లెక్కి మిరియాలు కోసి, ఎండబెట్టి, మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగి వచ్చినవాడు 'అమ్మాడు' అని వాక్యం చెప్తుంది. కాటా ఎవరిది, ధర చెప్పింది ఎవరు, చాలదన్నప్పుడు మూట మళ్లీ నెత్తికెత్తుకుని కొండెక్కే ఓపిక ఎవరికి లేదు? ఇవన్నీ చూస్తే కర్త తక్కెడ పట్టుకున్నవాడే. కొండవాళ్ల సరుకుకి ఇంకో కొనుగోలుదారు ఉండాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. నా సూత్రానికి ఈ ఒక్క చోట దెబ్బ తగిలింది. ముందు సీట్లో కూర్చున్నవాడు బస్సు నడపడని నాకు అనుమానం వచ్చింది. టీ తాగాక తగ్గింది.

'నాకు' గురించి చెప్పకపోతే పాపం.

ఇంగ్లీషువాడు 'ఐ' అని మొదలుపెట్టే చోట మనం చాలాసార్లు 'నాకు' అంటాం. నాకు ఆకలేస్తోంది, నాకు కాఫీ ఇష్టం, నాకు ఇంగ్లీషు వచ్చు, నాకు జ్వరం వచ్చింది. ఆకలి, కాఫీ, ఇంగ్లీషు, జ్వరం మన దగ్గర ప్రథమా విభక్తిలో కూర్చుంటాయి, మనం 'కు' తగిలించుకుని పక్కన నిలబడతాం. పాణిని ఆరు కారకాలు చెప్పాడు: కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం. ఇందులో ఈ 'నాకు' ఏమిటి? ఇచ్చినవాడెవడూ లేడు కాబట్టి సంప్రదానం అనడానికి నోరు రాదు, చేసింది నేను కాదు కాబట్టి కర్త అనడానికీ నోరు రాదు. మన దేశంలో పాణిని దారిలోనే వాక్యాలకి చీటీలంటించినవాళ్లున్నారు. ఐఐటీ కాన్పూర్‌లో అక్షర భారతి బృందంగా మొదలై తర్వాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఆ పని పెరిగింది. వాళ్లు ఈ 'నాకు' కోసం 'అనుభవ కర్త' అని వేరే చీటీ పెట్టుకున్నారు. వాళ్ల పట్టికలో కె1 కర్త నుంచి కె7 అధికరణం దాకా ఉంటాయి గాని కె6 మాత్రం లేదు. ఆరో విభక్తి షష్ఠి సంబంధాన్ని చెప్తుందే గాని క్రియతో పొత్తు పెట్టుకోదు, అందుకని అది కారకం కాదట. నేనైతే మధ్యలో నంబరు జారిపోయిందనుకుని నా పనిలో ఒక కె6 కలిపి పంపాను. మెచ్చుకుంటారనుకున్నాను.

సరే, 'హి గాట్ మలేరియా' అని వాక్యం వస్తే ఏం చెయ్యాలి? 'హి' ముందు సీట్లో ఉన్నాడు. ఆర్గ్0. అంటే అతనే నడుం కట్టి, దోమలున్న చోటు వెతుక్కుని వెళ్లి, కష్టపడి మలేరియా సంపాదించాడు. ఇలా వేసిన వాక్యాలతో చదువుకున్న యంత్రాన్ని రేపు ఎవరైనా "మన్యంలో ప్రతి వర్షాకాలం జ్వరాలు ఎందుకు వస్తాయి?" అని అడిగితే ఏం చెప్తుందో ఊహించండి. దోమతెరలూ మందు పిచికారీ ఊసు ఎత్తదు.

భయం క్రియల్లోనూ ఇదే తమాషా. 'ద బాయ్ ఫియర్స్ ద బేర్' లో భయపడేవాడు ముందు, 'ద బేర్ ఫ్రైటెన్స్ ద బాయ్' లో భయపెట్టేది ముందు. భయపడ్డవాడు మాత్రం రెండింటిలోనూ పిల్లవాడే. భయానికి కారణమైనదాన్ని పాణిని అపాదానం కింద వేశాడు, అంటే చెట్టునుంచి ఆకు రాలినప్పుడు చెట్టుకి ఏ పాత్రో భయం విషయంలో ఎలుగుకి ఆ పాత్ర. మనిషి దానినుంచి దూరంగా జరగాలనుకుంటాడు కదా. సుమారు 2,400 ఏళ్ల కిందటివాడు, ఎలుగు ఎదురుపడి ఉండాలి. లేకపోతే అంత బాగా తట్టదు.

ఇంక చివరి చిట్కా, డబ్బులకి సంబంధించినది. ఒకే వాక్యాన్ని ఇద్దరికి విడివిడిగా ఇస్తారు. ఇద్దరూ ఒకే చీటీ వేశారా లేదా అని చూసి, తేడా వస్తే మూడోవాణ్ని పిలిచి తేలుస్తారు. ఊరికే చీటీలు కలిసినా సరిపోదు, కాకతాళీయంగా కలిసే భాగాన్ని తీసేసి లెక్కకట్టాలంటారు. ఆ కొలతని జేకబ్ కోహెన్ 1960లో పెట్టాడు, పేరు కప్పా. నా సలహా ఏమిటంటే రెండోవాడు ఎవడో కనుక్కోండి. నా రెండోవాడు మా వీధిలోనే దొరికాడు. ఇద్దరం కూడబలుక్కుని ఒక వారంపాటు ప్రతి పదబంధానికీ ఆర్గ్0 వేసుకుంటూ పోయాం. నూటికి నూరు కలిసింది. కప్పా ఎంత వచ్చిందో చూద్దామని లెక్క కడితే యంత్రం సున్నాతో భాగించడం కుదరదని చేతులెత్తేసింది. అందరికీ ఒకటే చీటీ వేస్తే కాకతాళీయంగా కలిసేదీ నూటికి నూరే, దాన్ని తీసేస్తే పైనా కిందా సున్నాలే మిగులుతాయట. కొలవడానికి వీల్లేనంత గొప్ప ఏకాభిప్రాయం అని నేను దాన్ని అర్థం చేసుకున్నాను.

ఆ వారం బిల్లు పంపిన నాలుగో రోజున, ఊళ్లో కరెంటు పోయి (240 మెగావాట్ల పవర్‌హౌస్ పక్కన ఉన్న ఊళ్లో కరెంటు పోదని మైదానంవాళ్లు అనుకుంటారు) సెల్లు వెలుగులో టీకొట్టు దగ్గర కూర్చుని ఉంటే మెయిల్ వచ్చింది. 'యువర్ కాంట్రాక్ట్ హ్యాజ్ బీన్ టెర్మినేటెడ్.' కింద పేరు లేదు. సంతకం లేదు.

మావకి చదివి వినిపించి అర్థం చెప్పాను.

"ఎవలు తీసేశారు?" అన్నాడు.

"ఎవరూ తియ్యలేదు మావా. కాంట్రాక్ట్ ముందు సీట్లో ఉంది చూడు. దానంతట అదే పోయింది."

ఆయన ఇంకేమీ అనకుండా కిరసనాయిలు దీపం దగ్గరికి జరిపి, గల్లా కింద నుంచి అప్పుల పుస్తకం తీశాడు. బాకీ కూడా దానంతట అదే పెరిగి ఉంటుందని చెప్దామని మెడ సాచి చూశాను. ఆయన ఇంగ్లీషు చదువుకోలేదు, ప్రాప్‌బ్యాంక్ చూడలేదు, నా చిట్కాలు మాత్రం రోజూ వింటూనే ఉన్నట్టున్నాడు. ఆ పేజీలో ప్రతి వరసలోనూ ముందు సీట్లో నా పేరే ఉంది.